తొలుత బలము

శైశవము దాటిన పిదప మనిషి శరీరము పదమూడవ యేటి నుండి పదునెనిమిదవ యేటి వఱకు మారినంత వేగముగా మఱి యెన్నడును మారదు. ఆ మార్పు నడుమ నున్న బాలుడు అద్దములో తన రూపమును చూచుకొని కలవరపడుట సహజము. చేతులు సన్నము, భుజములు ఇఱుకు, ఛాతి పలుచన. కాని నడుము చుట్టు మాత్రము మెత్తగా కొంత కొవ్వు. చొక్కా తొడుగుకొన్నప్పుడు బక్కవాడు, చొక్కా విప్పినప్పుడు బొజ్జవాడు. అట్టి బాలుడు అడుగు ప్రశ్న ఇది: "నేను ముందు కొవ్వు కరగించుకొనవలెనా, ముందు కండ పెంచుకొనవలెనా?"

ఇది అల్పమైన ప్రశ్న యని పెద్దలు నవ్వి త్రోసివేయరాదు. ఈ ప్రశ్నకు తప్పు జవాబు ఎన్నుకొన్న బాలురు ఉదయము తినుట మానుదురు, మధ్యాహ్న భోజనములో గ్రుడ్డులోని పచ్చసొనను ఆకు అంచునకు నెట్టివేయుదురు, పాలు వద్దందురు. బాలికలు ఎవరికిని చెప్పక అర్ధాకలితో బడికి వత్తురు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 నుండి 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మంది రక్తహీనులు. రక్తమే చాలని దేహము నుండి ఇంకను ఏదో తీసివేయవలెనని తలంచుట ఎంత ప్రమాదమో యోచింపుడు.

నా అభిప్రాయము స్పష్టముగా చెప్పుచున్నాను. సన్నని శరీరము గల బాలుడు గాని బాలిక గాని, నడుము చుట్టు కొంత కొవ్వు ఉన్నను, తొలుత బలమునే పెంచుకొనవలెను. కొవ్వు తగ్గించుకొనుటకై తిండి తగ్గింపరాదు. బలము పెరిగిన కొలది కొవ్వు సంగతి చాలవఱకు దానంతట అదియే చక్కబడును. ఇందులకు కారణములు చెప్పెదను.

తిండి తగ్గినప్పుడు శరీరము కొవ్వును మాత్రమే ఖర్చు చేయునని పలువురు తలంతురు. అది నిజము కాదు. కరవు కాలమున రైతు నగలను అమ్మును; అవి చాలనిచో ఎద్దులను అమ్మును. ఆకలిగొన్న దేహమునకు ముందు ఇది, పిదప అది యను విచక్షణ కూడ లేదు. నగను, ఎద్దును కలిపియే సంతకు తోలును. కొవ్వు నగ వంటిది, కండ కాడియెద్దు వంటిది. ఎద్దు పోయిన రైతు మరుసటి యేట దేనితో దున్నును?

ఈ మాటకు పరీక్షలో తేలిన సాక్ష్యము కలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1944 నవంబరులో, అమెరికా దేశపు మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగము ఆరంభించెను. వారందఱును స్వచ్ఛందముగా ముందుకు వచ్చినవారే. ఆరు నెలలపాటు వారికి మామూలు తిండిలో సుమారు సగము మాత్రమే పెట్టిరి. వారు తమ బరువులో నాలుగవ వంతు కోల్పోయిరి. కొవ్వుతోపాటు కండయు కరగెను, బలము తగ్గెను, మనస్సునకు చిరాకు కలిగెను, రేయింబవళ్ళు తిండిని గూర్చిన తలంపే మిగిలెను. మరల కడుపు నిండ పెట్టినప్పుడు ఏమయ్యెను? కొవ్వు ముందుగా తిరిగి వచ్చెను. కండ చాల వెనుకగా వచ్చెను. పస్తులుండి సన్నబడ జూచువాడు చేయు వ్యాపారము ఇట్టిది. పోగొట్టుకొనునది రెండు, తొందరగా తిరిగి వచ్చునది అతడు వద్దనుకొన్న దొక్కటియే.

వారు ఎదుగుదల ముగిసిన యువకులు. ఎదుగుచున్న బాలునకు నష్టము ఇంతకంటె ఎక్కువ. ఎదుగు కాలమున తిండికి గల విలువ తెలిసికొనుటకు కుప్పము ప్రాంతమున మల్బరీ తోట గల రైతు ఇంటికి పోయి చూడుడు. గ్రుడ్డు నుండి వెలువడిన పట్టుపురుగు సుమారు 25 దినములు ఆకు మేయును. ఆ కొలది దినములలో దాని బరువు దాదాపు పదివేల రెట్లగును. నాలుగు మారులు కుబుసము విడిచి అయిదవ దశకు చేరును. అది తన జీవితమున మేయు ఆకులో నూటికి 80 పాళ్ళకు మించి ఈ కడపటి దశలోనే మేయును. అందుచేతనే ఆ వారము దినములు రైతు తన నిద్ర మానియైనను పురుగునకు ఆకు వేయును. అప్పుడు ఆకు చాలని పురుగు గూడు కట్టుట మానదు, కట్టును. కాని ఆ గూడు పలుచన, అందలి దారము తక్కువ. పిదప ఎంత లేత ఆకు తెచ్చి వేసినను అది ముట్టదు. తిను కాలము గడచిపోయినది.

మనిషికి అంత కఠినమైన గడువు లేదు. ముప్పదవ యేటను, అరువదవ యేటను కూడ శ్రమించి బలము పెంచుకొనవచ్చును. ఐనను అనుకూలకాలమొకటి కలదు. బాలురు సాధారణముగా 13, 14 ఏండ్ల ప్రాంతమున, బాలికలు అంతకు రెండేండ్లు ముందుగా, మిక్కిలి వేగముగా పొడుగెదుగుదురు. ఎముకలు ఖనిజమును కూడబెట్టుకొను పనిలో చాల భాగము ఇరువదవ యేటికే ముగియును. పొడుగెదుగుటకు ముందు కడుపు చుట్టు కొంత కొవ్వు చేరుట పలువురు బాలురలో కనబడును. అది రాబోవు ఎదుగుదల కొఱకు దేహము కట్టుకొన్న చద్దిమూట వంటిది. ప్రయాణము మొదలుగాక మునుపే ఆ మూటను పారవేయుట తెలివి కాదు.

"సన్నగా ఉన్నవానికి కొవ్వు ఎట్లుండును?" అని కొందఱు అడుగవచ్చును. ఉండును, మన దేశీయులలో విశేషముగా ఉండును. పుణె నగర వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ నగర వైద్యుడు జాన్ యుడ్కిన్ అను నిద్దఱు 2004లో 'లాన్సెట్' అను వైద్య పత్రికలో తమ యిద్దఱి ఛాయాచిత్రమును, కొలతలను ప్రకటించిరి. ఎత్తునకు బరువు తగియున్నదా యని చూచు సూచిక ఇద్దఱికిని సమానముగా 22.3. కాని యుడ్కిన్ గారి శరీరములో కొవ్వు నూటికి 9.1 పాళ్ళు, యాజ్ఞిక్ గారి శరీరములో 21.2 పాళ్ళు. త్రాసు ఇద్దఱిని ఒక్కటే యన్నది. దేహముల లోపలి లెక్క వేఱుగా నున్నది. యాజ్ఞిక్ గారి బృందము పుణె సమీప గ్రామముల శిశువులను ఇంగ్లండులోని సౌతాంప్టన్ నగర శిశువులతో పోల్చి 2003లో ప్రకటించిన అధ్యయనములోను ఇట్టిదే తేలినది. మన శిశువుల సగటు బరువు 2.7 కిలోగ్రాములు, అచ్చటి శిశువుల సగటు బరువు 3.5 కిలోగ్రాములు. బరువు అంత తగ్గినను మన శిశువుల చర్మము క్రింది కొవ్వు ఆ మేరకు తగ్గలేదు. తగ్గినది ముఖ్యముగా కండయే.

దీనినిబట్టి మన బక్కపిల్లవాని అసలు లోటు ఏదియో తెలియుచున్నది. అతనికి కొవ్వు ఎక్కువైనదనుట కంటె కండ తక్కువైనదనుట సరియైన మాట. లోటు ఉన్నచోట కూడిక చేయవలెను గాని తీసివేత చేయరాదు గదా! పైగా కండ అందము కొఱకు మాత్రమే కాదు. భోజనము తరువాత రక్తములో చేరిన చక్కెరను అధికభాగము గ్రహించి దాచుకొనునది కండరమే. కండ తక్కువై, కడుపు కొవ్వు ఎక్కువైన దేహమునకు నడివయస్సులో మధుమేహపు ముప్పు హెచ్చు. కావున ఎనిమిదవ తరగతిలో కూడబెట్టిన కండ నలుబదవ యేట అక్కఱకు వచ్చు ధనము.

బలము వేఱు, ఆకారము వేఱు అని కూడ మీరు గుర్తింపవలెను. ఎముకల పొడుగు, భుజముల వెడల్పు చాలవఱకు తల్లిదండ్రుల నుండి వచ్చును. వాటిని చూచి సిగ్గుపడ నక్కఱలేదు. పుంగనూరు పేరు దేశమంతట చాటినది ఒక పొట్టి ఆవు. దాని ఎత్తు మూడడుగులకు అటునిటుగా నుండును. ఐనను అది కొద్ది మేతతో, ఎండకు వానకు ఓర్చి బ్రతుకును. సాధారణముగా ఆవుపాలలో వెన్న నూటికి 3 నుండి 5 పాళ్ళుండగా, ఈ ఆవు పాలలో 8 పాళ్ళ వఱకు ఉండునని చెప్పుదురు. అంతరించిపోవు స్థితికి వచ్చిన ఈ జాతిని పలమనేరులోని పశుపరిశోధన స్థానము కాపాడుచు వచ్చినది. పొట్టిదని దానిని ఎవరును తక్కువ చేయలేదు. మఱియొక సంగతి: ఆ పాలలోని వెన్నను ప్రకృతి ఎదుగుచున్న దూడ కొఱకే పెట్టినది. ఆహారములోని కొవ్వు ఎదుగు ప్రాణికి శత్రువు కాదు. మితము తప్పినప్పుడు మాత్రమే శత్రువగును.

ఇక మన తెలుగుబిడ్డ యొకతె జీవితమును చూడుడు. కరణం మల్లీశ్వరి 1975లో శ్రీకాకుళము జిల్లాలో జన్మించెను. పండ్రెండేండ్ల ప్రాయమున బరువులెత్తు విద్య నేర్వబోగా, మరీ సన్నగా నున్నదని ఒక శిక్షకుడు చేర్చుకొనలేదు. తల్లి ఆమెకు ధైర్యము చెప్పెను. ఆ బాలిక పట్టు వదలక అభ్యసించి 1994లోను 1995లోను 54 కిలోగ్రాముల తరగతిలో ప్రపంచ విజేత అయ్యెను. 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 69 కిలోగ్రాముల తరగతిలో పాల్గొని, స్నాచ్ పద్ధతిలో 110, క్లీన్ అండ్ జెర్క్ పద్ధతిలో 130, మొత్తము 240 కిలోగ్రాములెత్తి కంచు పతకము గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారత మహిళ ఆమెయే. ఆ తరగతుల అంకెలను మరల చూడుడు. బలము పెరుగుటతోపాటు ఆమె శరీరపు బరువును పెరిగినది. సన్నదనమును చూచి వద్దన్నవారికి ఆమె ఇచ్చిన జవాబు ఇది.

నా మాటకు కొందఱు ఆక్షేపణలు చెప్పుదురు. వాటిని దాటవేయుట న్యాయము కాదు.

మొదటి ఆక్షేపణ: "కొవ్వు తగ్గనిదే కండ కనబడదు; కావున ముందు కొవ్వే పోవలెను." కనబడుట కొఱకే కండ యనుకొన్నవారికి ఈ మాట సరిపోవును. నీళ్ళ బిందె ఎత్తుటకు, కొండ ఎక్కుటకు, చెడుగుడు ఆటలో కూత విడువక పోరాడుటకు కండ కనబడ నక్కఱలేదు, ఉండిన చాలును. అదియును గాక, క్రొత్తగా వ్యాయామమునకు పూనుకొన్న బాలునకు తగిన తిండి దొరికినచో, కండ పెరుగుటయు కొవ్వు కొంత తగ్గుటయు ఒక్కసారిగనే జరుగవచ్చును. అట్టి వానికి "ముందా, వెనుకా" అను తగవే లేదు.

రెండవ ఆక్షేపణ: "నిజముగా స్థూలకాయులైన బాలుర మాటేమి?" వారి సంగతి వేఱు. ఎత్తునకు మించిన బరువు గలవారు వైద్యుని సలహాతో తీపి పానీయములను, నూనెలో వేగిన చిరుతిండ్లను తగ్గించుకొనవలెను. వారు కూడ పస్తుండరాదు. వారికిని వ్యాయామము ముఖ్యమే. ఈ వ్యాసము సన్నని వారిని ఉద్దేశించినది.

మూడవ ఆక్షేపణ: "సన్నదనము ఒక్కొక్కప్పుడు రోగలక్షణము కాదా?" అగును. ఈ సంగతి మదనపల్లె వారికి ఇతరుల కంటె బాగుగా తెలియవలెను. ఆ పట్టణము చేరువ నున్న ఆరోగ్యవరములో ఇరువదవ శతాబ్దపు రెండవ దశకముననే క్షయరోగుల కొఱకు వైద్యశాల వెలసెను. ఆ నాటికి క్షయకు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి, ఇవియే చికిత్స. రోగి బరువు పెరిగినచో వైద్యుడు సంతోషించెడివాడు. 1948లో మన దేశమున బి.సి.జి. టీకాలు వేయ మొదలిడినప్పుడు మదనపల్లె తొలి కేంద్రములలో ఒకటి. నేడు క్షయకు మంచి మందులు గలవు. కావున కారణము లేక బరువు తగ్గుచున్నను, రెండు వారములకు మించి దగ్గు ఉన్నను, సాయంకాలమందు జ్వరము వచ్చుచున్నను, వ్యాయామశాలకు కాక వైద్యశాలకు పోవలెను.

నాలుగవ ఆక్షేపణ: "బలమునకు ఖరీదైన తిండి కావలెను, పేదవారేమి చేయుదురు?" ఇది అన్నిటికంటె బరువైన ప్రశ్న. లెక్క వేసి జవాబు చూతము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము 13 నుండి 15 ఏండ్ల బాలునకు దినమునకు సుమారు 45 గ్రాములు, బాలికకు సుమారు 43 గ్రాములు మాంసకృత్తులు కావలెను. రాగులు, బియ్యము కలిపి 300 గ్రాములలో రమారమి 21 గ్రాములు లభించును. గుప్పెడు వేరుసెనగలలో 7, ఒక పూట పప్పులో 6, ఒక గ్రుడ్డులో 6, ఒక గ్లాసు పాలలో 6 గ్రాములు. మొత్తము 46. గ్రుడ్డు తినని వారు ఇంకొక పూట పప్పు తినవచ్చును. మన ప్రాంతపు రాగి సంగటి, ఉలవచారు, అలసందలు, అనపకాయల కాలములో పితికిపప్పు, ఇవి యన్నియు బలవర్ధకములే. రాగులలో ఎముకలకు కావలసిన కాల్షియము బియ్యములో కంటె ఎన్నో రెట్లు అధికము. డబ్బాలలో అమ్ము పొడులు లేకుండనే లెక్క సరిపోయినది. కండ త్వరగా వచ్చునని చెప్పి ఎవరైన సూదిమందు గాని మాత్ర గాని ఇవ్వజూపినచో దానిని తాకవద్దు. ఎదుగు వయస్సున అట్టివి ఎముకల పెరుగుదలనే ఆపివేయగలవు.

ఐనను అన్ని యిండ్లలోను ఈ మాత్రమైన దొరకునని నేను చెప్పజాలను. అందుచేతనే బడిలో పెట్టు భోజనమునకు అంత విలువ. ఆ పళ్ళెములోని గ్రుడ్డును, వేరుసెనగ చిక్కిని, రాగిజావను నామోషీగా చూచి విడిచిపెట్టు విద్యార్థి తన ఎదుగుదలను విడిచిపెట్టుచున్నాడు.

ఇక వ్యాయామము సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారము 5 నుండి 17 ఏండ్ల వారు దినమునకు సగటున 60 నిమిషములైన చుఱుకుగా శ్రమింపవలెను. వారమునకు మూడు దినములైన కండరములను, ఎముకలను బలపఱచు పనులు చేయవలెను. ఇందులకు దండీలు, బస్కీలు, అడ్డుకొయ్యను పట్టుకొని దేహమును పైకెత్తుట, త్రాడాట, చెడుగుడు చాలును. బరువులెత్తినచో పొడుగెదుగరను భయము పలువురిలో కలదు. తెలిసినవారి పర్యవేక్షణలో, తగిన బరువుతో, సరియైన భంగిమలో చేసినచో ఆ భయమునకు ఆధారము లేదు. పందెములు వేసికొని శక్తికి మించిన బరువులెత్తుట మాత్రము కీడు.

క్రమక్రమముగా పెంచుటయే ఈ విద్యలోని రహస్యము. ప్రాచీన గ్రీకు దేశమున మైలో అను మల్లుడు ఒక లేగదూడను ప్రతిదినము భుజముపై మోసెననియు, దూడతోపాటు అతని బలమును పెరిగెననియు ఒక కథ కలదు. పుంగనూరు దూడ చిన్నదే గదా యని మీరు దాని వెంట పడకుడు! కథలోని నీతిని మాత్రము గ్రహింపుడు. నేడు అయిదు దండీలు తీయగలవాడు వచ్చు వారము ఆఱు తీయవలెను. శ్రమించిన కండరము నిద్రలో బాగుపడి పెరుగును; కావున మీ ఈడు వారికి రాత్రి 8 నుండి 10 గంటల నిద్ర అవసరము.

ఫలితమును అద్దములో వెదకకుడు. అద్దము దినమునకొక మాట చెప్పును. ఒక నోటుపుస్తకము తీసికొని నెలకొకమారు మీ ఎత్తు, బరువు, తీయగలిగిన దండీలు, ఆయాసము లేక పరుగెత్తిన దూరము వ్రాసికొనుడు. ఆఱు నెలల పిదప ఆ పుటలను త్రిప్పి చూడుడు. నడుము చుట్టు కొవ్వు అట్లే యున్నను, దండీలు అయిదు నుండి ఇరువది అయినచో మీరు గెలిచినట్లే.

బాలబాలికలారా! మీ శరీరము ఇంకను కట్టుబడియున్న ఇల్లు. గోడలు లేవకముందే సున్నము మచ్చలను గూర్చి చింతించువాడు మంచి మేస్త్రి కాడు. కడుపునిండ తినుడు, చెమట పట్ట ఆడుడు, కంటినిండ నిద్రింపుడు. తొలుత ఇల్లు నిలువనిండు.